సూరి భగవంతం: క్లాస్‌రూమ్ నుంచి రక్షణశాఖ దాకా.. ఆయుధ నియంత్రణ తెలిసిన అధికారులు ఎలా తయారవుతారు?

మీరు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు కారులో వెళ్తున్నారనుకోండి. చౌటుప్పల్ దాటాక పంతంగి టోల్‌గేట్, తర్వాత వెలిమినేడు, ఆపైన చిట్యాల. ఈ దారి పొడవునా మందుల ముడిసరుకు, రసాయనాలు తయారుచేసే ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. అద్దం దించితే ఒక్కోసారి ఘాటు వాసన కూడా తగులుతుంది. చిట్యాల వాళ్లకు అదేమీ కొత్త కాదు.

కొత్తగా అనిపించేది ఇంకొకటి ఉంది. ఇలాంటి రసాయన పరిశ్రమలకూ, నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరానికీ సంబంధం ఉంది. రసాయన ఆయుధాలను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం అమలును చూసే సంస్థ అక్కడే ఉంది. భారత్ ఈ ఒప్పందంపై 1993 జనవరిలో సంతకం చేసింది. 1997 ఏప్రిల్ 29 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాన్ని అమలుచేయడానికి 2000లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. మందుల తయారీకి, పురుగుమందులకు పనికొచ్చే కొన్ని రసాయనాలు విషవాయువుల తయారీకి కూడా పనికొస్తాయి. అందుకే కొన్ని రకాల రసాయనాలను ఒక పరిమితి దాటి ఉత్పత్తి చేసే ఫ్యాక్టరీలు ఆ లెక్క ప్రభుత్వానికి చెప్పాలి. ఉదాహరణకు, ఒప్పందం జాబితాలో పేరు లేని సాధారణ సేంద్రియ రసాయనాలైనా సరే, ఏడాదికి 200 టన్నులకు మించి తయారైతే చాలావాటికి ఈ నియమం వర్తిస్తుంది. ఆ లెక్క ఢిల్లీ మీదుగా ది హేగ్ చేరుతుంది. అక్కడి నుంచి ఇన్‌స్పెక్టర్లు వచ్చి ఫ్యాక్టరీని చూసి వెళ్లవచ్చు కూడా.

ఇప్పుడు ఆ ఇన్‌స్పెక్టర్ల పక్కన కూర్చునే మన ప్రభుత్వ అధికారి గురించి ఆలోచించండి. ఆయనకు కెమిస్ట్రీ తెలియాలి. ఒప్పందంలో ఏ పేరా ఏం చెబుతుందో తెలియాలి. ఫ్యాక్టరీ తన వ్యాపార రహస్యం కాపాడుకోవాలనుకుంటే ఎంతవరకు కాపాడుకోవచ్చో తెలియాలి. ఆయుధం అంటే ఏమిటో సైన్యం దృష్టితో తెలియాలి. ఇవన్నీ కలిపి నేర్పే కాలేజీ ఏదీ లేదు. ఒకే ఆఫీసులో ముప్ఫై ఏళ్లు పనిచేసినా ఇవన్నీ రావు. నాలుగు ఆఫీసులు తిరిగితేనే వస్తాయి.

ఇలా తిరిగిన తెలుగువాడు ఒకరున్నారు. పేరు సూరి భగవంతం. ఆయన పోయి మూడున్నర దశాబ్దాలు దాటింది. ఆయన జీవితంలో ఏ కుర్చీ తర్వాత ఏ కుర్చీ వచ్చిందో చూస్తే, మన ప్రభుత్వం నిపుణులను ఎలా తయారుచేసుకుందో, ఎక్కడ వదిలేసిందో అర్థమవుతుంది.

ఆగిరిపల్లి కుర్రాడు, రామన్ ల్యాబ్

భగవంతం 1909 అక్టోబర్ 14న అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. డిగ్రీ హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివారు. ఆ రోజుల్లో ఆ కాలేజీ నిజాం రాజ్యంలో ఉన్నా, డిగ్రీ ఇచ్చేది మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయం. అంటే మొదటి నుంచే ఆయనది రెండు పరిపాలనల మధ్య ప్రయాణం.

1928లో కలకత్తా వెళ్లి సి.వి.రామన్ దగ్గర చేరారు. రామన్ తన పేరుతో ప్రసిద్ధమైన ఫలితాన్ని ప్రకటించిన సంవత్సరమే అది. కాంతి కణానికి భ్రమణం అనే లక్షణం ఉందని ప్రయోగంతో చూపిస్తూ 1931లో రామన్, భగవంతం కలిసి పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటికి భగవంతానికి ఇరవై రెండేళ్లు కూడా సరిగా నిండలేదు.

1932లో విశాఖపట్నం వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పుడు వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. అక్కడ పదహారేళ్లు ఉన్నారు. ఆయన జీవితంలో ఒకేచోట అంత కాలం ఉండటం మళ్లీ జరగలేదు. భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు, కాంతి పరిక్షేపణ మీద 1940లో పుస్తకం రాశారు. 1948లో సహోద్యోగి టి.వెంకటరాయుడుతో కలిసి గ్రూప్ థియరీని భౌతికశాస్త్రానికి ఎలా వాడాలో చెప్పే పుస్తకం తెచ్చారు. ఆ పుస్తకాలతో చదువుకున్న విద్యార్థులు దేశమంతటా ఉన్నారు.

ఈ మధ్యలోనే 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. యుద్ధం అప్పటిదాకా పేపర్లో వార్త, ఆ రోజు మాత్రం ఊరి మీదికొచ్చింది. ఆ ఊళ్లోని విశ్వవిద్యాలయంలోనే ఈ భౌతికశాస్త్రజ్ఞుడు పాఠాలు చెబుతున్నారు.

లండన్‌లో ఏడాది

ఇక్కడి నుంచి కథ మారుతుంది. 1948లో భారత ప్రభుత్వం ఆయన్ను లండన్ పంపింది. హైకమిషన్‌లో శాస్త్ర విషయాల అనుసంధాన అధికారి పని. పెద్ద పదవి ఏమీ కాదు. కానీ ఒక ప్రొఫెసర్‌కి అది వేరే బడి. దౌత్య కార్యాలయంలో కాగితం ఎలా కదులుతుంది, ఒక దేశం ఇంకో దేశానికి ఏ సమాచారం ఇస్తుంది, ఏది దాస్తుంది, ఏది అడిగితే ముఖం చాటేస్తుంది అనేవి ల్యాబ్‌లో తెలియవు.

అదే 1948లో ఢిల్లీలో ఇంకో పని జరిగింది. బ్రిటన్ శాస్త్రవేత్త బ్లాకెట్ సలహాతో నెహ్రూ ప్రభుత్వం రక్షణశాఖకు ఒక శాస్త్ర సలహాదారును పెట్టుకుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి డి.ఎస్.కొఠారీని తెచ్చారు. ఆయన చేసిన ఒక పనిని ఇక్కడ చెప్పుకోవాలి. నెహ్రూ కోరిక మేరకు అణు పేలుళ్ల ప్రభావాల మీద ఆయన ఆధ్వర్యంలో ఒక పుస్తకం తయారైంది. 1956లో ప్రభుత్వమే దాన్ని అచ్చేసింది. అణు పరీక్షలు ఆపాలని అడుగుతున్న దేశం, ఎందుకు ఆపాలో శాస్త్రంతో చెప్పడానికి తన రక్షణశాఖ శాస్త్రవేత్తల మీద ఆధారపడింది.

భగవంతం లండన్‌లో ఎక్కువ కాలం లేరు. 1949లో హైదరాబాద్ ఉస్మానియాకు ప్రొఫెసర్‌గా వచ్చారు. 1952 నుంచి 1957 దాకా వైస్ ఛాన్సలర్.

బయటివాడు అనే మాట

ఇక్కడ కాసేపు ఆగాలి. నల్గొండ, మహబూబ్‌నగర్ పాఠకులకు డిప్యుటేషన్, బదిలీ అనే మాటలు తియ్యగా వినిపించవు.

భగవంతం వీసీ అయిన 1952లోనే, సెప్టెంబరులో, హైదరాబాద్ రాష్ట్రంలో ముల్కీ ఆందోళన వచ్చింది. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు, మహబూబ్‌నగర్ ప్రాంతం మనిషి. బయటి నుంచి వచ్చినవాళ్లు ఉద్యోగాలు తన్నుకుపోతున్నారని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తర్వాత 1969 ఉద్యమం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబర్ 30న వచ్చిన 610 జీవో. స్థానికుల కుర్చీల్లోకి బదిలీల మీద, డిప్యుటేషన్ల మీద వేరేవాళ్లు వచ్చి కూర్చున్నారన్న ఫిర్యాదు దశాబ్దాలు నడిచింది. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే 610 జీవో గురించి అరగంట చెబుతారు.

కాబట్టి ఉద్యోగులను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిప్పితే మంచిదని ఎవరైనా అంటే మీకు అనుమానం రావడం సహజం. ఆ అనుమానం సరైనదే. ఎవరి కుర్చీ, ఎన్నేళ్లకు, తిరిగి వెళ్లేదెప్పుడు అనేవి ముందే రాసి లేకపోతే తిప్పడం అన్యాయంగా మారుతుంది. అయితే స్థానిక ఉద్యోగాల్లో బయటివాళ్లను నింపడం వేరు. ఒక నిపుణుణ్ని కొన్నేళ్లకు ఇంకో శాఖకు అప్పివ్వడం వేరు.

ఈ తేడాను మీ మండలం నుంచే చూడొచ్చు. ఎన్నికల ముందు చిట్యాల తహసీల్దార్‌ను వేరే జిల్లాకు పంపితే అది బదిలీ. శాఖ అదే, పని అదే, ఊరు మాత్రమే మారింది. కొత్తగా నేర్చుకునేది తక్కువ. అదే ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ మూడేళ్లకు కేంద్రంలోని ఒక సంస్థకు వెళ్తే అది డిప్యుటేషన్. ఆయన పాత ఉద్యోగం ఆయనదే. సర్వీస్ భాషలో దీన్ని లియన్ అంటారు. సీనియారిటీ మాతృశాఖలోనే లెక్కకొస్తుంది. జీతం తన పాత స్కేలులోనే తీసుకుని పైన డిప్యుటేషన్ అలవెన్స్ పొందవచ్చు, లేదంటే కొత్త పోస్టు జీతం ఎంచుకోవచ్చు.

1961: ఢిల్లీ పిలుపు

1957లో భగవంతం బెంగళూరు వెళ్లారు, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్‌గా. 1961లో కొఠారీ తప్పుకున్నాక రక్షణశాఖ ఆయన్ను పిలిచింది. రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు, డీఆర్‌డీవో డైరెక్టర్ జనరల్, రెండూ ఆయనే. మరుసటి ఏడాది బెంగళూరు బాధ్యత నుంచి తప్పుకున్నారు. ఆ కుర్చీలోకి సతీష్ ధావన్ వచ్చారు.

ఢిల్లీలో భగవంతం 1969 దాకా ఉన్నారు. క్యాలెండర్ తీసి చూడండి, ఆ ఎనిమిదేళ్లలో ఏమేం జరిగాయో.

1962 మార్చిలో జెనీవాలో 18 దేశాల నిరాయుధీకరణ కమిటీ చర్చలు మొదలయ్యాయి. భారత్ అందులో సభ్యదేశం. ఏప్రిల్ 16న భారత్ సహా ఎనిమిది అలీన దేశాలు ఒక ప్రతిపాదన పెట్టాయి. అణు పరీక్షలు జరుగుతున్నాయో లేదో చూడటానికి శాస్త్రవేత్తలతో ఒక అంతర్జాతీయ కమిషన్ ఉండాలన్నది అందులో ముఖ్య విషయం. అదే ఏడాది అక్టోబరులో చైనాతో యుద్ధం, ఓటమి. 1963 ఆగస్టులో పాక్షిక అణు పరీక్షల నిషేధ ఒప్పందం వచ్చింది, భారత్ వెంటనే సంతకం పెట్టింది. 1964 అక్టోబర్ 16న చైనా అణుబాంబు పేల్చింది. 1968లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం సిద్ధమైంది, భారత్ సంతకం చేయనంది.

ఒక దేశం ఒకే దశాబ్దంలో నిరాయుధీకరణ అడగడమూ, యుద్ధంలో దెబ్బతినడమూ, పక్కదేశం బాంబు చూడటమూ, ఒక ఒప్పందానికి సరేననడమూ, ఇంకోదానికి కాదనడమూ జరిగాయి. రక్షణమంత్రులు ముగ్గురు మారారు. కృష్ణమీనన్, చవాన్, స్వరణ్ సింగ్. శాస్త్ర సలహాదారు మాత్రం మారలేదు.

భగవంతాన్ని ఆయుధ నియంత్రణ దౌత్యవేత్త అంటే అతిశయోక్తే అవుతుంది. జెనీవాలో మాట్లాడటం విదేశాంగశాఖ పని. ఆయన పని రక్షణమంత్రికి శాస్త్రం చెప్పడం, ప్రయోగశాలలు నడపడం. కానీ ఆ రెండు పనుల మధ్య గోడ ఎంత పలచనో ఒక్క ఉదాహరణ చాలు.

1963 ఒప్పందం గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలను నిషేధించింది. భూగర్భ పరీక్షలను వదిలేసింది. ఎందుకు? భూమిలో కంపం వస్తే అది భూకంపమా, బాంబా అని దూరం నుంచి కచ్చితంగా చెప్పగలమా అన్నది తేలలేదు. తేల్చుకోవడానికి ఏడాదికి ఎన్నిసార్లు వచ్చి చూడాలన్న దగ్గర బేరం ఆగిపోయింది. అమెరికా ఏడుసార్లు అంది, సోవియట్ రష్యా రెండు మూడుకు మించి ఒప్పుకోలేదు. అంటే ఒక ఒప్పందం సగమే పూర్తవడానికి ఒక పెద్ద కారణం భౌతికశాస్త్రం ప్రశ్న. దౌత్యవేత్తకు ఆ ప్రశ్న అర్థం కాకపోతే ఏం అడగాలో తెలియదు. శాస్త్రవేత్తకు దౌత్యం తెలియకపోతే తన జవాబు ఎక్కడ పనికొస్తుందో తెలియదు. తర్వాత 1965లో హిందూపురం అవతల, కర్ణాటకలోని గౌరీబిదనూరులో, బ్రిటన్ సాయంతో మన అణుశక్తి శాఖ భూకంప గ్రాహకాల వరుస పెట్టింది. దూరదేశాల భూగర్భ పరీక్షల కంపనాలను అది పట్టుకుంటుంది. పొలాల మధ్య ఉన్న ఆ కేంద్రం కూడా ఆయుధ నియంత్రణలో భాగమే.

ఇదే కాలంలో హైదరాబాద్ ముఖం మారింది. చాంద్రాయణగుట్టలో డీఎల్‌ఆర్‌ఎల్, కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్.. ఈ రక్షణ ప్రయోగశాలలన్నీ 1960ల మొదట్లో నగరంలో వేళ్లూనుకున్నవే. ఇది ఆయన ఒక్కరి ఘనత అనలేం. కానీ ఆ ఫైళ్లు కదిలినప్పుడు పైకుర్చీలో ఉన్నది ఆయనే.

ఇంకో సంగతి. చైనా యుద్ధం తర్వాత 1963 ఆగస్టులో ఎలక్ట్రానిక్స్ మీద ఒక కమిటీ వేశారు. అధ్యక్షుడు హోమీ భాభా. సభ్యులు విక్రమ్ సారాభాయ్, భగవంతం, ఎ.ఎస్.రావు. అణుశక్తి, అంతరిక్షం, రక్షణ రంగాలవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు. ఆ ఎ.ఎస్.రావు 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టారు. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో బస్సు దిగేవాళ్లలో ఈ కమిటీ గురించి విన్నవాళ్లు ఎంతమందో!

అదృష్టమా, పద్ధతా?

భగవంతం తర్వాత ఆ కుర్చీలోకి వచ్చినవాళ్లను చూడండి. నాగ్ చౌధురి కలకత్తా సాహా ఇన్‌స్టిట్యూట్, ప్రణాళికా సంఘం మీదుగా వచ్చారు. ఎం.జి.కె.మేనన్ ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి, రాజా రామన్న 1978లో భాభా అణు పరిశోధన కేంద్రం నుంచి వచ్చారు. 1982లో అబ్దుల్ కలాం ఇస్రో వదిలి హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌కు వచ్చారు. మూడు దశాబ్దాలపాటు రక్షణ శాస్త్రానికి నాయకులు బయటి నుంచే వచ్చారు. 1990ల తర్వాత ఎక్కువగా డీఆర్‌డీవోలో పెరిగినవాళ్లే ఆ పదవికి చేరారు. దీనివల్ల పని తెలిసినవాళ్లు దొరుకుతారు, నిజమే. కానీ విశ్వవిద్యాలయం, దౌత్య కార్యాలయం, రక్షణశాఖ మూడూ ఒకే తలలో ఉన్న మనిషి దొరకడం కష్టమైంది.

పాతకాలం గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. భగవంతం ఢిల్లీ వెళ్లింది ఒక పద్ధతి ప్రకారం కాదు, పిలిచారు గనక వెళ్లారు. పై స్థాయిలో నలుగురైదుగురు ఒకరికొకరు తెలుసు, అంతే. కింది స్థాయిలో ఒక యువ శాస్త్రవేత్తను రెండేళ్లు విదేశాంగశాఖలో కూర్చోబెట్టి, మళ్లీ ల్యాబ్‌కు పంపే ఏర్పాటు ఆనాడు అలవాటుగా మారలేదు. ఖర్చు కూడా ఉంది. పదహారేళ్లు పరిశోధన చేసిన మనిషి తర్వాతి ఇరవై ఏళ్లు ఎక్కువగా ఫైళ్లతోనే గడిపారు. స్ఫటికాల మీద 1966లో ఒక పుస్తకం తెచ్చారు. అంత ఉద్యోగంలో ఉండి అది రాయడం గొప్పే, కానీ విశాఖ రోజుల పరిశోధన వేగం మళ్లీ రాలేదు.

అమెరికాలోనూ ఇదే తలనొప్పి. భగవంతం ఢిల్లీ వచ్చిన 1961లోనే అక్కడ ఆయుధ నియంత్రణకు ప్రత్యేక సంస్థ పెట్టారు. శాస్త్రవేత్తలు, సైనికాధికారులు, దౌత్యవేత్తలు అందులో కలిసి పనిచేశారు. 1999లో దాన్ని విదేశాంగశాఖలో కలిపేశారు. అప్పటి నుంచి పాతవాళ్లు రిటైరవుతుంటే కొత్తవాళ్లు తయారుకావడం లేదన్న విమర్శ వినిపిస్తూనే ఉంది. అందుకే ఉద్యోగులను సంస్థల మధ్య తిప్పాలన్న ప్రతిపాదనలు వస్తుంటాయి.

మన దగ్గర విదేశాంగశాఖలో నిరాయుధీకరణకు ప్రత్యేక విభాగం ఉంది, జెనీవాలో ఈ పనికే ఒక రాయబారి ఉంటారు. అయితే దౌత్యాధికారులు మూడేళ్లకోసారి మారిపోతారు. విషయం ఒంటపట్టే సమయానికి ఇంకో దేశానికి ఆర్డర్ వస్తుంది. రసాయన ఆయుధాల ఒప్పందం అమలుచేసే జాతీయ సంస్థ కేబినెట్ సచివాలయం కింద ఉంది. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది వేర్వేరు శాఖల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చేవాళ్లే. భారత్ తాను ప్రకటించిన రసాయన ఆయుధ నిల్వలను 2009కల్లా పూర్తిగా ధ్వంసం చేసింది. ఆ పని అయిపోయినా ఫ్యాక్టరీల లెక్కలు, తనిఖీలు మాత్రం ఏటా ఉంటాయి. కాలం తీరాక అధికారి మాతృశాఖకు వెళ్లిపోతే, నేర్చుకున్నది అక్కడ ఎవరికి కావాలి? వ్యవసాయశాఖకో, కస్టమ్స్‌కో తిరిగి వెళ్లిన మనిషిని మళ్లీ ఈ పనికి పిలిచే జాబితా ఉందా? తిప్పడం కంటే, తిరిగొచ్చినవాళ్లను గుర్తుపెట్టుకోవడం మన దగ్గర బలహీనం అనిపిస్తుంది.

మీరు వెళ్లొచ్చా?

మీరు ప్రభుత్వ ఉద్యోగి అయితే, సైన్స్ చదివి ఉంటే, ఇది మీకూ సంబంధించిందే. కేంద్ర సంస్థలు డిప్యుటేషన్ ఖాళీలను తమ వెబ్‌సైట్లలో, ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రికలో వేస్తాయి. చాలా ప్రకటనల్లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులతో పాటు రాష్ట్ర ప్రభుత్వ, విశ్వవిద్యాలయ, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకూ అవకాశం ఉంటుంది. దరఖాస్తు మీ శాఖ ద్వారానే వెళ్లాలి, అంటే మీ పైఅధికారి వదలడానికి ఒప్పుకోవాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. విజిలెన్స్ క్లియరెన్స్, గత కొన్నేళ్ల పనితీరు నివేదికలు జతచేయాలి. వయసు సాధారణంగా 56 దాటకూడదు. కాలపరిమితి పోస్టును బట్టి మూడు నుంచి ఐదేళ్లు.

భగవంతం 1969లో రక్షణశాఖ వదిలాక, వర్ధమాన దేశాల్లో శాస్త్ర సాంకేతికత కోసం పనిచేసే అంతర్జాతీయ కమిటీలో పనిచేశారు. చివరి దశాబ్దాల్లో చాలామంది తెలుగువాళ్లకు ఆయన పుట్టపర్తి సత్యసాయిబాబా ప్రసంగాలను ఇంగ్లిష్‌లోకి అనువదించే మనిషిగానే తెలుసు. రామన్ శిష్యుడన్న సంగతి కొందరికే తెలుసు. డీఆర్‌డీవోను ఎనిమిదేళ్లు నడిపారన్న సంగతి తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. 1989 ఫిబ్రవరి 6న చనిపోయారు. చిట్యాల దారిలోని ఫ్యాక్టరీలు లెక్క చెప్పాల్సిన ఆ రసాయన ఆయుధాల ఒప్పందం అప్పటికి ఇంకా జెనీవాలో చర్చల్లోనే ఉంది.